‘సెక్షన్ చేశారు’ అని ఫోన్ వస్తే: ఇంగ్లండ్‌లో బలవంతపు ఆసుపత్రి చికిత్స, సీటీఓలపై తరచుగా అడిగే ప్రశ్నలు

మాస్టర్స్ కోసం లెస్టర్‌కో, బర్మింగ్‌హామ్‌కో, లండన్‌కో వెళ్ళిన పిల్లల తల్లిదండ్రులు, అక్కడ నర్సులుగా, ఐటీ ఉద్యోగులుగా స్థిరపడినవాళ్ళ బంధువులు అడిగే ప్రశ్నలివి. సీటీఓ అంటే రోగిని షరతులతో ఇంటికి పంపే ఉత్తర్వు, దాని సంగతి మధ్యలో వస్తుంది. మొదటి సగంలో చట్టం ఎలా నడుస్తుందో ఉంటుంది. ఆ తర్వాత, గత ఇరవై ఏళ్ళలో అక్కడ ఏం మారిందో, ఎందుకు మారిందో. మనిషిని ఇండియాకి తీసుకొస్తే ఏమవుతుందన్నది చివర్లో ఉంది. ఇది సమాచారం మాత్రమే. మీ కేసుకి సలహా కావాలంటే అక్కడి లాయరే చెప్పాలి.

సెక్షన్ చేయడమంటే అరెస్టు చేయడమా?

కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1983 నాటి మెంటల్ హెల్త్ చట్టం కింద ఒక మనిషిని, తను ఒప్పుకోకపోయినా, ఆసుపత్రిలో ఉంచి పరీక్షించడానికి, చికిత్స చేయడానికి వీలుంది. ఆ చట్టంలోని ఏదో ఒక సెక్షన్ కింద చేస్తారు కాబట్టి వాడుకలో అలా అంటారు. క్రిమినల్ రికార్డు పడదు, నేరం మోపరు. అయితే తలుపు తాళం వేసిన వార్డు కావచ్చు, బయటికి వెళ్ళడానికి డాక్టరు అనుమతి కావాలి. జైలు కాదని చెప్పడం తేలికే. లోపలున్న మనిషికి మాత్రం మొదటి రోజుల్లో అలాగే అనిపిస్తుంది. ఆ కోపాన్ని జబ్బు లక్షణమని కొట్టిపారేయకండి.

ఎక్కువగా వినబడేవి రెండు. సెక్షన్ 2 కింద 28 రోజుల వరకు ఉంచుతారు. ఇది ముఖ్యంగా పరీక్ష కోసం, దీన్ని పొడిగించడానికి వీల్లేదు. సెక్షన్ 3 చికిత్స కోసం. మొదట ఆరు నెలలు, తర్వాత పొడిగించవచ్చు. ఆరు నెలలు అని రాసినంత మాత్రాన ఆరు నెలలూ ఉంచుతారని కాదు, చాలామంది అంతకంటే ముందే బయటికి వస్తారు.

ఎవరు నిర్ణయిస్తారు? డాక్టరు ఒక్కడే సంతకం పెడితే సరిపోతుందా?

సరిపోదు. ఇద్దరు డాక్టర్లు విడివిడిగానో కలిసో చూడాలి. వాళ్ళలో ఒకరికి మానసిక వైద్యంలో ప్రత్యేక ఆమోదం ఉండాలి. ఆ తర్వాత ఏఎంహెచ్‌పీ (అప్రూవ్డ్ మెంటల్ హెల్త్ ప్రొఫెషనల్) అనే వ్యక్తి దరఖాస్తు చేయాలి. ఈ ఏఎంహెచ్‌పీ సాధారణంగా సోషల్ వర్కర్. డాక్టర్లిద్దరూ సరే అన్నా, ఇంకో దారి ఉందనుకుంటే ఆయన దరఖాస్తు చేయకుండా ఊరుకోవచ్చు. వైద్యుడు కాని మనిషి చేతిలో ఆ అధికారం పెట్టడం వెనుక ఉద్దేశం ఒక్కటే: స్వేచ్ఛ పోయే నిర్ణయాన్ని జబ్బు కోణం నుంచి ఒక్కదాన్నుంచే చూడకూడదని. మన దేశంలో ఈ పాత్ర లేదు.

తనంతట తనే వార్డులో చేరిన మనిషి మధ్యలో వెళ్ళిపోతానంటే డాక్టరు 72 గంటలు, తగిన అర్హత ఉన్న నర్సు 6 గంటలు ఆపే అధికారం కూడా చట్టంలో ఉంది.

మా అబ్బాయిని పోలీసులు తీసుకెళ్ళారన్నారు. ఏం తప్పు చేశాడు?

తప్పు చేయనక్కర్లేదు. సెక్షన్ 136 కింద, బయట ఎక్కడైనా ఒక మనిషి మానసికంగా బాగోలేక తక్షణ సాయం కావాల్సిన స్థితిలో కనబడితే, పోలీసులు అతన్ని ‘భద్రమైన చోటు’కి, అంటే ఎక్కువగా ఆసుపత్రికి తీసుకెళ్ళవచ్చు. 24 గంటలు, తప్పనిసరైతే ఇంకో 12 గంటలు. 2017 డిసెంబరు దాకా ఈ గడువు 72 గంటలు ఉండేది. ఇంట్లో, హాస్టల్ గదిలో ఉన్న మనిషికి ఈ సెక్షన్ వర్తించదు. ఆ తలుపు తెరవాలంటే మేజిస్ట్రేటు వారెంటు కావాలి. రూమ్మేట్లు ‘పోలీసులకు ఫోన్ చేశాం, కానీ ఏమీ చేయలేదు’ అని విసుక్కునేది చాలాసార్లు ఇక్కడే.

కన్నవాళ్ళం. మాకు ముందు ఎందుకు చెప్పలేదు?

అందరికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా.

అక్కడి చట్టంలో ‘దగ్గరి బంధువు’ అనే హోదా ఉంది. భార్య లేదా భర్త, ఆ తర్వాత పెద్దైన పిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు, ఇలా వరస నడుస్తుంది. ఆ హోదా ఉన్నవాళ్ళకి నిజమైన అధికారాలున్నాయి. సెక్షన్ 3కి అభ్యంతరం చెబితే ఏఎంహెచ్‌పీ ముందుకి వెళ్ళలేరు, కోర్టుకి వెళ్ళి ఆ హోదా మార్పించుకుంటే తప్ప. డిశ్చార్జ్ చేయమని 72 గంటల నోటీసు ఇవ్వొచ్చు. దాన్ని డాక్టరు అడ్డుకోవాలంటే, వదిలేస్తే తనకో ఇతరులకో ప్రమాదమని లిఖితంగా చెప్పాలి.

చిక్కెక్కడంటే, రోగి మామూలుగా బ్రిటన్‌లోనే నివాసం ఉంటుంటే, అక్కడ నివాసం లేని బంధువు ఈ వరసలో లెక్కకు రాడు. అంటే గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న నాన్నని పక్కనపెట్టి, లండన్‌లో ఉన్న తమ్ముడికో బాబాయికో ఆ హోదా వెళ్ళొచ్చు. ఎవరూ లేకపోతే ఖాళీగానే ఉండొచ్చు. మీ ప్రేమ మీద అనుమానంతో చేసింది కాదు, 1983లో చట్టం రాసినప్పుడు వాట్సాప్ వీడియో కాల్ ఎవరూ ఊహించలేదు.

దీనికి తోడు గోప్యత. పెద్దవాడైన కొడుకు ‘మా ఇంట్లో చెప్పొద్దు’ అంటే వార్డు మీకు వివరాలు చెప్పదు. కానీ మీరు చెప్పేది వినడానికి వాళ్ళకి ఏ అడ్డూ లేదు. ఇది చాలామందికి తెలియదు. ఎప్పటినుంచి నిద్ర లేదు, ఇంతకుముందు ఏ మందు పడింది, ఏది పడలేదు, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బుందా అన్నవి రాసి ఈమెయిల్ చేయండి. తెలుగులో మాట్లాడితేనే మనసు విప్పుతాడనుకుంటే దుభాషిని అడగండి, ఏర్పాటు చేస్తారు. బంధువుల అబ్బాయితో అనువాదం చేయించకండి. అతని ముందు మీవాడు అసలు విషయం చెప్పడు.

విడుదల కోరాలంటే?

ట్రైబ్యునల్ ఉంది. సెక్షన్ 2లో ఉన్నవాళ్ళు మొదటి 14 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి, విచారణ ఏడు రోజుల్లో జరగాలి. సెక్షన్ 3 అయితే మొదటి ఆరు నెలల్లో ఒకసారి. న్యాయమూర్తి, డాక్టరు, మరో సభ్యుడు, మొత్తం ముగ్గురు కూర్చుంటారు. ట్రైబ్యునల్ ముందు వాదించే లాయరు ఖర్చు ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వమే భరిస్తుంది. లాయరు కాకుండా రోగి పక్షాన మాట్లాడే ‘అడ్వకేట్’ కూడా ఉచితం. వీళ్ళ ఫోన్ నంబరు వార్డు గోడ మీదే ఉంటుంది.

మందు సంగతి వేరు. సెక్షన్‌లో ఉన్నప్పుడు మొదటి మూడు నెలలు అంగీకారం లేకుండా మానసిక జబ్బుకి మందు ఇవ్వొచ్చు. అది దాటితే రోగి ఒప్పుకోవాలి, లేదా బయటి నుంచి మరో డాక్టరు వచ్చి చూసి రాయాలి.

బిల్లు ఎంత అవుతుంది? వీసా పోతుందా?

ఈ చట్టం కింద నిర్బంధంగా ఉంచి చేసే చికిత్సకు విదేశీయుల దగ్గర కూడా అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ డబ్బు తీసుకోదు. పైగా స్టూడెంట్ వీసా మీద వెళ్ళినవాళ్ళు హెల్త్ సర్‌చార్జ్ ముందే కట్టి ఉంటారు.

సెక్షన్ చేసినంత మాత్రాన వీసా రద్దు కాదు. తరగతులకు రావడం లేదని యూనివర్సిటీ లెక్క వేసుకుంటేనే చిక్కు. కాబట్టి వైద్య కారణాలతో సెలవని వెంటనే రాయించండి. చదువు ఎక్కువకాలం ఆపాల్సి వస్తే వీసాకి యూనివర్సిటీ ఇచ్చిన స్పాన్సర్‌షిప్ సంగతి ముందుకొస్తుంది, అప్పుడు యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల విభాగంతో మాట్లాడాలి. కారు నడిపేవాళ్ళు లైసెన్సు విభాగానికి జబ్బు సంగతి తెలియజేయడం తప్పనిసరి.

ఈ కేసులు నిజంగా పెరుగుతున్నాయా, లేక మనకి ఎక్కువగా వినబడుతున్నాయా?

పెరిగాయి. ఇంగ్లండ్‌లో 2005-06లో సుమారు 45,500 నిర్బంధాలు నమోదైతే, 2015-16లో 63,600 దాటాయి. పదేళ్ళలో నలభై శాతం. ఆ తర్వాత లెక్కపెట్టే పద్ధతి మార్చారు, అన్ని ఆసుపత్రులూ వివరాలు పంపలేదు, దాంతో 2016-17 అంకె దాదాపు 45,900కి పడిపోయినట్టు కనిపిస్తుంది. పాత అంకె పక్కన కొత్త అంకె పెట్టి ‘తగ్గాయి’ అని రాసే వ్యాసాలు నమ్మొద్దు. కొత్త పద్ధతిలోనే చూస్తే 2020-21, 2021-22లలో 53 వేలు దాటి, 2022-23లో 51,300కి దిగి, 2023-24లో మళ్ళీ 52,400 పైకి వెళ్ళింది. అంటే ఎక్కడం ఆగింది తప్ప దిగలేదు. ఇవి నిర్బంధాల లెక్క, మనుషుల లెక్క కాదు. ఒకే మనిషి ఏడాదిలో రెండుసార్లు లోపలికి వెళ్ళి ఉండొచ్చు.

ఎందుకు పెరిగాయి? జబ్బులే పెరిగాయా?

జబ్బు ఒక్కటే కారణమైతే లెక్క ఇంత తేడాగా ఉండదు. నా దృష్టిలో అసలు కథ పడకలది.

1961లో ఆరోగ్య మంత్రి ఈనాక్ పవెల్ ఒక ప్రసంగంలో, పెద్ద పెద్ద పిచ్చాసుపత్రుల రోజులు అయిపోయాయని ప్రకటించాడు. ఏడేళ్ళ తర్వాత వలస వచ్చినవాళ్ళకి వ్యతిరేకంగా మాట్లాడి అపకీర్తి మూటగట్టుకున్న పవెల్ ఇతనే. ఆసుపత్రుల విషయంలో మాత్రం ఆయన చెప్పింది తప్పు కాదు. ఆ భవనాల్లో జనం దశాబ్దాల తరబడి మగ్గారు. అవి మూసేసి, ఆ డబ్బుతో రోగి ఇంటి దగ్గరే వైద్యం అందించాలన్నది ఆలోచన. పడకలు తగ్గాయి. 1987-88లో మానసిక వైద్యానికి 67 వేల పైచిలుకు ఎన్‌హెచ్‌ఎస్ పడకలుంటే, 2018-19 నాటికి సుమారు 18 వేలు మిగిలాయి. ఇంటి దగ్గరి వైద్యం మాత్రం అంత వేగంగా పెరగలేదు.

2011లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 1988 నుంచి 2008 దాకా లెక్కలు పక్కపక్కన పెట్టి చూసింది. పడకలు 62 శాతం తగ్గితే, బలవంతపు చేరికలు సుమారు 60 శాతం పెరిగాయి. రెండు పడకలు మూస్తే మరుసటి ఏడాది ఒక అదనపు నిర్బంధం అన్నట్టుగా తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. ఖాళీ లేనప్పుడు, ‘నాకు బాగోలేదు, చేర్చుకోండి’ అని తనంతట తాను వచ్చిన మనిషిని ఇంటికి పంపేస్తారు. మూడు వారాల తర్వాత అతను ముదిరిన స్థితిలో పోలీసు వ్యానులో వస్తాడు. 2013లో పార్లమెంటు ఆరోగ్య కమిటీ ముందుకి ఇంకా విచిత్రమైన మాట వచ్చింది: పడక దొరకడం కోసమే కొందరిని సెక్షన్ చేస్తున్నారని. చట్టం బలవంతం కోసం పెట్టింది, అది క్యూలో ముందుకి వెళ్ళే టోకెనుగా మారింది.

ఇతర కారణాలూ ఉన్నాయి. 2014లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్వేచ్ఛ కోల్పోవడమంటే ఏమిటన్నదాన్ని విశాలంగా నిర్వచించింది. దాంతో, ఎదురు చెప్పలేక వార్డులో ఉండిపోయే మతిమరుపు వృద్ధుల్లో కొందర్ని కూడా చట్టబద్ధంగా సెక్షన్ చేయాల్సి వచ్చింది. ఈ ఒక్క పెరుగుదలని నేను చెడుగా చూడను. ముందు కాగితం లేకుండా బంధించేవాళ్ళు, ఇప్పుడు కాగితం, అప్పీలు హక్కు వచ్చాయి.

సీటీఓ అంటే ఏమిటి?

కమ్యూనిటీ ట్రీట్‌మెంట్ ఆర్డర్. 2007 సవరణతో చట్టంలోకి వచ్చి 2008 నవంబరులో అమలైంది. సెక్షన్ 3 వంటి వాటి కింద ఉన్న రోగిని షరతులతో ఇంటికి పంపుతారు. నెలకో ఇంజెక్షన్ వేయించుకోవాలి, నర్సు వచ్చినప్పుడు కలవాలి, ఫలానా చోటే ఉండాలి, ఇలాంటివి. పాటించకపోయి, పరిస్థితి చెడుతోందని డాక్టరు అనుకుంటే 72 గంటల వరకు ఆసుపత్రికి వెనక్కి పిలవొచ్చు, అవసరమైతే సీటీఓ రద్దు చేసి మళ్ళీ వార్డులో పెట్టొచ్చు. మొదట ఆరు నెలలు, ఇంకో ఆరు నెలలు, ఆపైన ఏడాదికోసారి పొడిగింపు.

ఒక అపోహ తీసేయాలి. సీటీఓలో ఉన్న మనిషికి కాస్త తెలివి, నిర్ణయశక్తి ఉండి వద్దంటే, ఇంట్లో పట్టుకుని బలవంతంగా సూది వేసే అధికారం ఎవరికీ లేదు. ఆసుపత్రికి పిలవడమే దాని కోర. ఆ సంగతి రోగులకి సరిగ్గా చెప్పడం లేదన్న విమర్శ ఎప్పటినుంచో ఉంది.

అది పని చేస్తుందా?

ఆసుపత్రికి తిరిగి రావడం తగ్గించడమే దాని లక్ష్యం. ఆ లక్ష్యంలో అది ఓడిపోయిందనే చెప్పాలి.

ఆక్స్‌ఫర్డ్‌లో సైకియాట్రిస్టు టామ్ బర్న్స్ బృందం మూడు వందల పైచిలుకు రోగులతో ఒక ప్రయోగం చేసింది. లాటరీ పద్ధతిలో కొందరిని సీటీఓ మీద, కొందరిని పాత పద్ధతిలో కొద్దిరోజుల సెలవు మీద ఇంటికి పంపారు. 2013లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఏడాదిలో తిరిగి ఆసుపత్రికి వచ్చినవాళ్ళు ఈ గుంపులో 36 శాతం, ఆ గుంపులోనూ 36 శాతమే. కానీ బలవంతం కింద గడిపిన కాలంలో పోలికే లేదు: సీటీఓ వాళ్ళలో మధ్యస్థంగా 183 రోజులు, ఇంకో గుంపులో 8 రోజులు. ఆరు నెలల అదనపు బలవంతానికి ప్రతిఫలం సున్నా. ఈ బర్న్స్, అంతకుముందు సీటీఓలు రావాలని కోరుకున్నవాళ్ళలో ఒకడు. తన ప్రయోగం చూసి మనసు మార్చుకున్నాడు. శాస్త్రవేత్తలందరూ అలా మారరు.

అమెరికాలో నార్త్ కరొలైనా, న్యూయార్క్‌లలో అంతకుముందు జరిగిన రెండు ప్రయోగాల్లోనూ మొత్తం మీద స్పష్టమైన లాభం కనబడలేదు. నార్త్ కరొలైనాలో, ఉత్తర్వు ఎక్కువకాలం కొనసాగి, దానితోపాటు తరచుగా సేవలు అందినవాళ్ళలో మాత్రం తేడా ఉంది. మేలు ఉత్తర్వు వల్ల జరిగిందా, వారం వారం ఇంటికొచ్చిన నర్సు వల్ల జరిగిందా అన్నది ఆ ప్రయోగం తేల్చలేదు. నాకైతే నర్సు వైపే మొగ్గు.

ఇక నిజంగా ఆశ పుట్టించేది వేరే ఉంది. జబ్బు అదుపులో ఉన్నప్పుడే రోగి, డాక్టరు, ఇంటివాళ్ళు కూర్చుని ‘మళ్ళీ తిరగబెడితే ఏం చేయాలి, ఏ మందు వద్దు, ఎవరికి ఫోన్ చేయాలి’ అని రాసుకునే ముందస్తు ఒప్పందాలు. 2016లో వెలువడిన ఒక సమీక్ష అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, ఇలాంటి కాగితాలతో బలవంతపు చేరికలు 23 శాతం తగ్గాయి. అదే సమీక్షలో సీటీఓలకి అలాంటి ప్రభావం కనబడలేదు.

మరి ఎందుకు ఎత్తేయలేదు?

భయం వల్ల. అమలైన మొదటి అయిదు నెలల్లోనే రెండు వేలకు పైగా సీటీఓలు జారీ అయ్యాయి. డాక్టరు వైపు నుంచి చూడండి: ఉత్తర్వు లేకుండా పంపిన రోగి రేపు ఎవరినైనా పొడిస్తే, ‘చేతిలో అధికారం ఉండీ ఎందుకు వాడలేదు’ అని అడుగుతారు. ఉత్తర్వు పెట్టిన రోగి అనవసరంగా రెండేళ్ళు ఇబ్బంది పడితే ఎవరూ అడగరు.

2023 జూన్ 13న నాటింగ్‌హామ్‌లో వాల్డో కలోకేన్ అనే స్కిజోఫ్రీనియా రోగి ఇద్దరు విద్యార్థుల్ని, ఒక స్కూలు ఉద్యోగిని చంపాడు. అంతకుముందు నాలుగుసార్లు సెక్షన్ అయినవాడు. మందు మానేశాడు, తనని చూసుకోవాల్సిన మానసిక వైద్య టీమ్‌కి దొరకలేదు, చివరికి 2022లో అతని ఫైలు మూసి జనరల్ డాక్టరుకి అప్పగించారు. ‘సీటీఓ పెట్టి ఉంటే’ అన్న వాదన ఆ తర్వాత బలపడింది. చనిపోయినవాళ్ళ కుటుంబాల కోపాన్ని తక్కువ చేయలేం. కానీ ఆ కేసులో కళ్ళకి కొట్టొచ్చినట్టు కనబడేది, దొరకని రోగిని వెతకాల్సిన టీమ్ అతన్ని జాబితాలోంచి తీసేయడం. వెతికే మనిషి లేకపోతే ఏ కాగితమూ రోగి తలుపు కొట్టదు.

నల్లజాతివాళ్ళ విషయంలో వివక్ష ఉందంటారు. నిజమేనా?

ఇంగ్లండ్ ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. 2022-23లో తెల్లవాళ్ళతో పోలిస్తే నల్లజాతివాళ్ళని సెక్షన్ చేసిన రేటు మూడున్నర రెట్లు. సీటీఓల్లో తేడా ఇంకా ఎక్కువ. పేదరికం, ఆలస్యంగా వైద్యానికి రావడం కారణాలంటారు. ఎందుకు ఆలస్యంగా వస్తారో అర్థం కావాలంటే ఒలసేని లూయిస్ సంగతి తెలియాలి. 2010లో, 23 ఏళ్ళ వయసులో, తల్లిదండ్రులే సాయం కోసం ఆసుపత్రికి తీసుకెళ్ళిన కుర్రాడు. అక్కడ పదకొండుమంది పోలీసులు నేలకి అదిమి పట్టాక స్పృహ కోల్పోయి చనిపోయాడు. వాళ్ళమ్మ, నాన్న ఏళ్ళ తరబడి పోరాడితే, మానసిక వార్డుల్లో బలప్రయోగాన్ని నియంత్రించే చట్టం 2018లో వచ్చింది. జనం దాన్ని సేనీ చట్టం అనే పిలుస్తారు.

మిగతా దేశాల్లో?

ఒక్కో చోట ఒక్కోలా. 2019లో 22 దేశాల్ని పోల్చిన అధ్యయనంలో లక్ష జనాభాకి ఏటా బలవంతపు చేరికలు ఆస్ట్రియాలో 282, ఇటలీలో 14.5. ఇరవై రెట్ల తేడా జబ్బులో ఉండదు కదా. ఇటలీ 1978లో ఫ్రాంకో బసాలియా ఉద్యమంతో వచ్చిన చట్టం ద్వారా పాత తరహా ఆసుపత్రుల్లో కొత్తవాళ్ళని చేర్చుకోవడం ఆపేసింది. అక్కడ బలవంతపు చికిత్సకి మేయరు సంతకం కావాలి, గడువు ఏడు రోజులు, కావాలంటే పొడిగింపు. సీటీఓల్లాంటివి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాలోని కొన్ని రాష్ట్రాల్లో ఇంగ్లండ్ కంటే ముందే ఉన్నాయి. న్యూయార్క్‌లో ఒక యువతిని రైలు కిందికి తోసేసిన ఘటన తర్వాత 1999లో ఆమె పేరుతో కేండ్రా చట్టం వచ్చింది. నాటింగ్‌హామ్‌కీ దానికీ పోలిక చూడండి. ఇలాంటి చట్టాలు చాలాసార్లు ఒక హత్య తర్వాతే పుడతాయి.

2025లో చట్టం మారిందట కదా?

మారింది. థెరిసా మే ప్రధానిగా ఉండగా నియమించిన సైమన్ వెస్లీ కమిటీ 2018 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. ఏడేళ్ళు నానబెట్టి 2025 డిసెంబరులో కొత్త చట్టం చేశారు. నిర్బంధించాలంటే ‘తీవ్రమైన హాని’ జరిగే అవకాశం చూపాలి. ఆటిజం, లెర్నింగ్ డిజబిలిటీ ఉన్నంత మాత్రాన సెక్షన్ 3 పెట్టకూడదు. పోలీసు లాకప్పులు ఇక భద్రమైన చోటు కింద లెక్కకు రావు. సెక్షన్ 3 మొదటి గడువు ఆరు నుంచి మూడు నెలలకి తగ్గుతుంది. మనవాళ్ళకి బాగా ఉపయోగపడేది, ‘దగ్గరి బంధువు’ వరస పోయి, రోగి తనకి కావలసిన మనిషిని తనే ఎంచుకోవడం. సీటీఓ ఉంటుంది, షరతులు బిగిస్తారు. అయితే ఇవన్నీ ఒక్కరోజులో రావు, దశలవారీగా అమలు చేయడానికి దాదాపు పదేళ్ళు పడుతుందని ప్రభుత్వమే చెప్పింది. మీ కేసులో ఏ నిబంధన నడుస్తోందో వార్డులో అడిగి తెలుసుకోండి.

ఇండియాకి తీసుకొస్తే సీటీఓ ఇక్కడా చెల్లుతుందా?

చెల్లదు. మన దేశంలో అలాంటి ఉత్తర్వే లేదు. అందుకే ‘ఇంటికి తీసుకెళ్తే అన్నీ సర్దుకుంటాయి’ అని హడావుడిగా టికెట్ కొనేముందు ఆలోచించండి. డిశ్చార్జ్ సమ్మరీ, మందుల పేర్లు, చివరి ఇంజెక్షన్ తేదీ, తర్వాతిది ఎప్పుడన్నది కాగితం మీద తీసుకోండి. అదే ఇంజెక్షన్ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి. క్లోజపిన్ అనే స్కిజోఫ్రీనియా మందు వాడుతుంటే రక్తపరీక్షలు ఆగకూడదు. ఇక్కడి సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్ విమానం ఎక్కకముందే ఖాయమవ్వాలి. ఇంజెక్షన్ ఆగిపోయినా చాలామంది కొన్నాళ్ళు బాగానే ఉంటారు, ఆ తర్వాత తిరగబెడుతుంది. అలాంటి ఇంజెక్షన్ మందు ఒంట్లోంచి మెల్లగా పోతుంది. ఇంకొకటి, సెక్షన్ 3 అయినవాళ్ళకి అక్కడ డిశ్చార్జ్ తర్వాతి సేవలు ఉచితంగా అందాలి. దేశం దాటితే అది పోతుంది.

మన చట్టం ప్రకారం బలవంతంగా చేర్చాలంటే కోర్టుకి వెళ్ళాలా?

అక్కర్లేదు. 1912 లూనసీ చట్టం నాటి మేజిస్ట్రేటు ఉత్తర్వు జ్ఞాపకం ఇంకా జనంలో ఉంది. 2018 నుంచి అమల్లో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వేరు. సెక్షన్ 89 కింద, రోగి ‘నామినేటెడ్ రిప్రజెంటేటివ్’ (రోగి తరఫు ప్రతినిధి, సాధారణంగా ఇంటివాళ్ళే) దరఖాస్తు చేస్తే, ఒక సైకియాట్రిస్టు, మరో మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా డాక్టరు విడివిడిగా చూసి, తనకో ఇతరులకో హాని, లేదా తనని తాను చూసుకోలేని ప్రమాదకర స్థితి ఉందని తేలిస్తే 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. ఏడు రోజుల్లో, స్త్రీలూ మైనర్లూ అయితే మూడు రోజుల్లో, ఈ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకి తెలియజేయాలి. ముప్ఫై రోజులు దాటితే సెక్షన్ 90, ఇద్దరు సైకియాట్రిస్టులు, బోర్డు అనుమతి.

పోలికలో తేడా గమనించండి. ఇంగ్లండ్‌లో కుటుంబానికి చెప్పుకోదగ్గ పాత్ర లేదని బాధపడతాం. ఇక్కడ కుటుంబమే దరఖాస్తుదారు, ఏఎంహెచ్‌పీ లాంటి బయటి మనిషి లేడు. ఆ కాపలా పని బోర్డు చేయాలి, కానీ చాలా రాష్ట్రాల్లో బోర్డులు ఏర్పడడానికే ఏళ్ళు పట్టింది. ఆస్తి తగాదాల్లో ఈ దరఖాస్తు ఆయుధం కాకుండా ఆపేది ఎవరన్న ప్రశ్న మిగిలే ఉంది.

గొలుసులతో కట్టడం ఏ రూపంలోనూ కుదరదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో షెడ్డు అంటుకున్నప్పుడు గొలుసులతో ఉన్న 28 మంది రోగులు బయటికి రాలేక కాలిపోయారు. వీధిలో తిరిగే రోగిని పోలీసులు లాకప్పులో ఉంచకూడదు, 24 గంటల్లో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

సీటీఓ లేదు, బలవంతం చేయలేం. ఇంట్లో మందు మానేస్తే మరి ఏం చేయాలి?

ముందు ఎందుకు మానేశాడో అడగండి. ఒళ్ళు పెరగడం, మగత, లైంగిక ఇబ్బంది, వీటి గురించి అమ్మానాన్నలతో చెప్పలేక మాత్ర పారేసేవాళ్ళు చాలామంది. డాక్టరు మందు మారిస్తే సగం గొడవ తీరుతుంది. టీలో కలిపి ఇవ్వకండి. ఒక్కసారి తెలిస్తే నమ్మకం పోతుంది, ఆ తర్వాత టీ కూడా తాగడు. ప్రాణానికి ముప్పు ఉంటే మన చట్టంలో సెక్షన్ 94 ఉంది: ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా ఇంటి దగ్గరైనా సరే 72 గంటల వరకు అత్యవసర చికిత్స చేయొచ్చు, ప్రతినిధి అందుబాటులో ఉంటే అతని అంగీకారంతో. దీన్ని కరెంటు షాక్ చికిత్సకి వాడకూడదు. బాగున్నప్పుడే సెక్షన్ 5 కింద ముందస్తు సూచన రాయించి పెట్టుకుంటే, తిరగబెట్టినప్పుడు వాదనలు తగ్గుతాయి.

స్కాట్లండ్‌లో ఉంటే?

పైవన్నీ ఇంగ్లండ్, వేల్స్‌లకి. స్కాట్లండ్‌కి 2003 చట్టం, సొంత ట్రైబ్యునల్ ఉన్నాయి. ఉత్తర ఐర్లండ్ కూడా వేరే. గ్లాస్గోలో ఉన్నవాళ్ళు సెక్షన్ నంబర్లు ఇక్కడ చూసి అక్కడ వాదించకండి.

అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి?

ఇంగ్లండ్‌లో 111కి చేసి 2 నొక్కితే మానసిక ఆరోగ్య సంక్షోభ విభాగానికి కలుపుతుంది. ప్రాణాపాయం అయితే 999. ఇండియాలో టెలీ మానస్, 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు లేదు. అత్యవసరమైతే 108 లేదా 112. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. మీరు ఇక్కడ, మనిషి అక్కడ ఉంటే, అతను ఉంటున్న ఇంటి పూర్తి చిరునామా, పోస్ట్‌కోడ్, యూనివర్సిటీ సెక్యూరిటీ నంబరు ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి. ఇండియా నుంచి 999 కలవదు. అక్కడి రూమ్మేట్‌కో యూనివర్సిటీ సెక్యూరిటీకో చేయాలి, వాళ్ళు ముందు అడిగేది ఆ పోస్ట్‌కోడే.